బషీర్‌బాగ్ మేడ, నెక్కొండ డేరా

విలాసయాత్రకు బయలుదేరే సంపన్నుల ముందు ఇవాళ తరచుగా రెండు దారులు ఉంటాయి. ఒకటి, ఒకనాడు రాజులో నవాబులో కాపురమున్న మేడలో నడిచే హోటలు. రెండోది, పులులు తిరిగే అడవి అంచున సకల సౌకర్యాలతో కట్టిన సఫారీ విడిది. ఏది మేలన్న ప్రశ్న కొనుగోలుదారు ప్రశ్న, అంటే డబ్బు చెల్లించి తన అభిరుచిని బట్టి ఎంచుకునేవాడి ప్రశ్న. పందొమ్మిదో శతాబ్దపు హైదరాబాదు రాజ్యంలో ఈ రెండు సుఖాలూ ఉండేవి గాని ఈ ప్రశ్న ఉండేది కాదు. పెద్ద అతిథి వస్తే ముందు మేడలో విందు, తరువాత అడవిలో వేట శిబిరం ఒకే మర్యాదలో రెండు అంకాలుగా నడిచేవి. ఎవరికి ఏ అంకం ఎంతవరకు దక్కాలో అతిథి ఇష్టం కన్నా అతని హోదా ఎక్కువగా నిర్ణయించేది. ఆ రెండు అంకాల్లో మొదటిది ఇవాళ హైదరాబాదులో హోటలు గదిగా అమ్ముడుపోతున్నది, రెండోది దాదాపు జాడ లేకుండా పోయింది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే బషీర్‌బాగ్ నుంచి మొదలుపెట్టడం సబబు, ఎందుకంటే ఆ పేటకు పేరిచ్చిన మేడ కూడా ఇప్పుడు లేదు.

బషీర్‌బాగ్ అంటే బషీరుద్దౌలా తోట. నవాబ్ సర్ ఆస్మాన్ జా (1839–1898) బిరుదుల్లో బషీరుద్దౌలా ఒకటి. ఆయన పాయగా వంశీకుడు. పాయగా అన్నది ఫార్సీ మాట. నిజాం కోసం ప్రత్యేక అశ్వదళాన్ని పోషించే బాధ్యతకూ, ఆ ఖర్చు నిమిత్తం ఇచ్చిన జాగీర్లకూ, చివరికి వాటిని అనుభవించిన కుటుంబానికీ ఈ ఒక్క మాటే పేరుగా నిలిచింది. రెండో నిజాం కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో స్థిరపడిన ఈ వంశం నిజాంల ఆడపడుచులను పెళ్లాడి, సంస్థానంలో పాలకుడి తరువాతి స్థానానికి చేరింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి అది ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాహీ అని మూడు శాఖలైంది. ఆస్మాన్ జా 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి నిజాం ప్రతినిధిగా లండన్ వెళ్లి వచ్చి, అదే ఏడాది ప్రధానమంత్రి పదవి చేపట్టి, 1893 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

పాయగా పెద్దల పాత నివాసాలు మూసీకి దక్షిణాన, చార్మినారుకు దగ్గరలో ఉండేవి. వాటిని దేవ్‌డీలనేవారు. దేవ్‌డీకి వీధి వైపు ఎత్తయిన గోడా పెద్ద దర్వాజా తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. లోపల ఒక వాకిలి తరువాత ఇంకో వాకిలిగా, మగవారి మర్దానా, ఆడవారి జనానా వేరు వేరుగా విస్తరించేవి. చూపంతా లోపలికే. అటువంటి ఇంట్లో దొరలను దించి వారాల తరబడి ఉంచడం ఇరువైపులా ఇబ్బందే. మూసీకి ఉత్తరాన పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకంలోనే బ్రిటిష్ రెసిడెన్సీ (తరువాతి కాలపు కోఠి మహిళా కళాశాల) వెలిసింది, 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది. అధికారమూ రాకపోకలూ నది దాటి ఉత్తరానికి జరిగాయి, వాటి వెంట ఉమరాలు, అంటే దర్బారు ప్రభువులు కూడా జరిగారు. పాత తోపుల కర్మాగారం గన్‌ఫౌండ్రీకి, ఫతే మైదానానికి చేరువలో ఆస్మాన్ జా తోటలో కట్టించిన మేడ ఈ కదలికలో పుట్టినదే. అది దేవ్‌డీ మాదిరి లోపలికి ముడుచుకోక, తోటకు ఎదురుగా ముఖం పెట్టి, వచ్చేవారి కోసం తెరుచుకుని నిలిచిన ఐరోపా వరస కట్టడం. పక్కనే ఉన్న నిజాం కళాశాల భవనం సైతం మొదట నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ మేడ అన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ ప్రాంతం అంగళ్లకూ ఆఫీసులకూ నెలవు కాకమునుపు తోటల మధ్య మేడల పేటగా ఉండేదని అర్థమవుతుంది.

ఆ మేడ రూపం మనకు ప్రధానంగా లాలా దీన్ దయాళ్ (1844–1905) కెమెరా ద్వారా తెలుస్తున్నది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన దీన్ దయాళ్ తీసిన నిజాం రాజ్య దృశ్యాల ఆల్బమ్ ఒకటి, 1892 నాటిది, వైస్రాయ్ కర్జన్ సేకరణలో చేరి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో బషీర్‌బాగ్ మేడ చిత్రాలు కనిపిస్తాయి. అతిథులను కూర్చోబెట్టే హాలును ఛాయాచిత్రం తీయించి ఆల్బమ్‌కు ఎక్కించడంలోనే ఒక ఉద్దేశం ఉంది. పాత దర్బారులో నేల మీద పరిచిన తెల్లని ఫర్ష్, దాని మీద మస్నద్ అనే ఆసనం ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలో చెప్పేవి. కుర్చీలూ సోఫాలూ వచ్చాక ఆ లెక్క భోజనబల్ల దగ్గరి వరసలోకి మారింది. చోబ్‌దారు (వెండి కర్ర పట్టి రాకను ప్రకటించే నౌకరు), ఖాన్సామా (వంటశాల పెద్ద), విందు ముగిశాక అత్తరు పూసి పాన్ ఇచ్చి సాగనంపే ఆచారం మాత్రం పాత దేవ్‌డీ నుంచి కొత్త మేడకు మారకుండా వచ్చాయి. ఇవాళ రాజభవనపు హోటళ్లు అతిథికి గుమ్మం దగ్గర పూలు చల్లి స్వాగతం పలికే తీరుకు మూలాలు ఈ మిశ్రమ మర్యాదలోనే ఉన్నాయి.

ఆస్మాన్ జాకు బషీర్‌బాగ్ ఒక్కటే చాలలేదన్నది గమనించదగిన విషయం. మలక్‌పేట వైపు ఒక గుట్ట మీద, ఊరికి ఎడంగా, 1885 ప్రాంతంలో రాతి బురుజులతో ఐరోపా మధ్యయుగపు కోటను పోలిన ఆస్మాన్‌గఢ్‌ను కూడా ఆయన కట్టించుకున్నాడు. నగరంలో మర్యాదకు ఒక మేడ, బయలులో వినోదానికి ఇంకొకటి. ఒకే యజమాని చేతిలో ఉన్న ఈ జోడు, తరువాతి కాలపు హోటలు–విడిది జంటకు ముందు రూపం అనుకోవచ్చు.

ఇంత వైభవానికి పోటీ ఇంటివారి నుంచే వచ్చింది. ఆస్మాన్ జా తరువాత ప్రధానమంత్రి అయిన సర్ వికారుల్ ఉమ్రా, 1884 మార్చి 3న శంకుస్థాపన చేసి దాదాపు తొమ్మిదేళ్లపాటు కట్టించిన ఫలక్‌నుమా, నగరానికి దక్షిణాన గుట్ట మీద నిలిచింది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల ఉన్న ఆ మేడ 1897 ప్రాంతంలో నిజాం చేతికి మారింది. అప్పటి నుంచి రాచ అతిథులకు అదే విడిది అయ్యింది. 1906లో హైదరాబాదు వచ్చిన వేల్స్ యువరాజు దంపతులు, తరువాత అయిదో జార్జి, మేరీ రాణి అయినవారు, అక్కడే దిగారు. ప్రధానమంత్రి సొంత ఇంట్లో చేసే మర్యాద స్థానంలో పాలకుడి పేరున ఉన్న అతిథి గృహం రావడంతో బషీర్‌బాగ్ వంటి మేడల ప్రాధాన్యం సహజంగానే తగ్గింది.

రెండో అంకానికి వస్తే, ముందు మాట గురించి చెప్పుకోవాలి. షికార్ అన్న ఫార్సీ పదానికి అర్థం వేట. తెలుగులోకి వచ్చేసరికి అది షికారై, సాయంత్రం హాయిగా తిరిగి రావడమనే మెత్తని అర్థం సంతరించుకుంది. సఫారీ కథా ఇటువంటిదే: హైదరాబాదు ఉర్దూలో ప్రయాణానికి వాడే సఫర్, ఆ అరబ్బీ మూలం నుంచే తూర్పు ఆఫ్రికా స్వాహిలీ భాషలోకి వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లీషు దొరల తుపాకీ యాత్రలకు పేరై, చివరికి జంతువులను చూసి వచ్చే విహారంగా తిరిగి మన దగ్గరకు చేరింది. రెండు మాటల్లోనూ నెత్తురు కడుక్కుపోయి వినోదం మిగిలింది.

నిజాం రాజ్యంలో వేట పలు రకాలుగా సాగేది. రాజధాని చుట్టూ మైదానాల్లో కృష్ణజింకలను వేటాడేవారు. ఇవాళ వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిగా ఉన్న భూమి అటువంటి వేటస్థలమే. పులి కోసం మాత్రం దూరం పోవలసి వచ్చేది. తూర్పున పాఖాల చెరువు చుట్టూ అడవులు, గోదావరి వైపు ఏటూరునాగారం, దక్షిణాన కృష్ణకు ఎగువన అమ్రాబాద్ పీఠభూమి పెద్ద పులికి పేరుమోసినవి. ఆరో నిజాం స్వయంగా పేరున్న వేటగాడు. ముప్ఫై పులులను చంపినవాడని చెప్పే 'తీస్ మార్ ఖాన్' పేరును జనం ఆయనకు ముడిపెట్టి చెప్పుకుంటారు, తెలుగువారి నోట అదే మాట గొప్పలు చెప్పుకునేవాడికి పరాచికమైంది.

పులి అడవిని దొరల అందుబాటులోకి తెచ్చింది రైలే. సికిందరాబాదు నుంచి వరంగల్లు మీదుగా బెజవాడ దాకా 1889కి పట్టాలు పడటంతో, అంతకుముందు రోజుల తరబడి ఏనుగుల మీద, మేనాలలో, ఎడ్లబండ్ల మీద చేరవలసిన అడవి అంచుకు అతిథి రాత్రి భోజనం చేసి రైలెక్కి తెల్లారేసరికి దిగగలిగాడు. వరంగల్లుకు ఆగ్నేయంగా ఉన్న నెక్కొండ అనే చిన్న స్టేషను ఆ విధంగా ప్రపంచపు ఛాయాచిత్రాల్లోకి ఎక్కింది. 1902 మార్చి 30న హైదరాబాదులో వైస్రాయ్ కర్జన్, నిజాం ఏకాంతంగా సమావేశమయ్యారు. నిజాం పూర్వీకుల నుంచి ఈస్టిండియా కంపెనీ తన అజమాయిషీలోకి తీసుకున్న సారవంతమైన బేరారు ప్రాంతాన్ని సాలుకు 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా ఇంగ్లీషువారికి వదులుకోవడానికి నిజాం ఆ సమావేశంలో ఒప్పుకున్నాడు. నవంబరులో ఒప్పందం కాగితం మీదికి వచ్చింది. ఆ రెంటికీ నడుమ, ఆ వేసవిలోనే, కర్జన్ దంపతులు నెక్కొండ శిబిరంలో చంపిన పులి పక్కన నిలబడి దీన్ దయాళ్ సంస్థకు ఫోటో ఇచ్చారు. ఒక రాజ్యం తన పత్తిపొలాల జిల్లాలను శాశ్వతంగా పోగొట్టుకున్న వారాల్లోనే ఆ రాజ్యం ఖర్చుతో ఈ ఆతిథ్యం జరిగిందన్న సంగతిని పక్కనపెట్టి ఆ చిత్రాన్ని కేవలం వేట జ్ఞాపికగా చూడటం చరిత్రకు న్యాయం కాదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1893 జనవరిలో, ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ లోకయాత్రలో భాగంగా వచ్చి నిజాం రాజ్యంలో వేటాడి వెళ్లాడు; ఆ తుపాకీ విహారాన్నీ దీన్ దయాళే చిత్రించాడు.

మేడకు ఋతువు శీతాకాలం, పులి వేటకు అసలు ఋతువు ఎండాకాలం. ఏప్రిల్‌లో ఆకు రాలి అడవి పలచబడుతుంది, వాగులు ఎండి నీరు ఒకటి రెండు మడుగుల్లో మిగులుతుంది, పులి ఆ నీటిని విడిచి పోలేదు. షికారీలు, అంటే అడవి ఆనవాళ్లు తెలిసిన స్థానిక వేటగాళ్లు, ఇసుకలో అడుగుజాడలు చూసి, దున్నపోతు దూడనో కోడెనో ఎరగా కట్టేవారు. పులి ఎరను కొట్టి తిని దగ్గరలోనే పొదలో పడుకున్నదని కబురు అందగానే హాకా మొదలయ్యేది. హాకా అంటే వందలమంది మనుషులు అర్ధచంద్రాకారంగా బారులు తీరి, డప్పులు కొడుతూ కేకలు వేస్తూ అడవిని ఒక వైపు నుంచి కదిలించుకుంటూ రావడం. పులి పక్కలకు తప్పుకోకుండా చెట్ల మీద మనుషులను కాపు ఉంచేవారు. అవతలి కొసన ఎత్తయిన మంచె మీద తుపాకీతో అతిథి కూర్చునేవాడు. తెలుగు రైతు జొన్నచేను కాపలాకు వేసుకునే మంచెకు ఉర్దూ షికారు పరిభాషలో పేరు మచాన్. రెంటి పనీ కాపు కాయడమే, ఒకటి తిండిని కాచేది, రెండోది ప్రాణాన్ని కాచుకుని ప్రాణం తీసేది.

శిబిరమంటే గుడారాల ఊరు. ఫరాష్‌ఖానా అనే శాఖ డేరాలు, తివాచీలు, కనాతులు (గుడారాల చుట్టూ కట్టే గుడ్డగోడలు) ముందుగా తరలించేది. పడకకు ఒక డేరా, స్నానానికి ఒకటి, భోజనానికి షామియానా, వంటకు వేరే. మేడలోని అన్ని గదులూ గుడ్డలో మళ్లీ పుట్టేవనడం అతిశయోక్తి కాదు. వేట ముగిసిన మర్నాటికి అదంతా మడతపడి బండ్లకెక్కేది.

ఈ ఊరు లేవడానికి, నిలవడానికి, మడవడానికి కావలసిన శ్రమ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ చరిత్రలో అసలు విషయం. తెలంగాణ పల్లెల్లో దానికి వెట్టి అని పేరు. వెట్టి అంటే కూలి లేకుండా, లేదా నామమాత్రపు కూలికి, కులాన్ని బట్టి మీదపడే తప్పనిసరి చాకిరీ. అధికారి దౌరాకు (పర్యటనకు) వస్తే కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి నీళ్లు మోసి బట్టలుతకాలి, మంగలి సేవలు చేయాలి, బోయలూ బెస్తలూ మేనాలు మోయాలి, మాదిగలు కబుర్లూ మూటలూ మోస్తూ ఊరి నుంచి ఊరికి పరుగెత్తాలి. కోళ్లు, పాలు, గుర్రాలకు గడ్డి పటేలు పట్వారీల మాట మీద ఊరు సమకూర్చాలి. తాలూకా అధికారి ఒక్కరి దౌరాకే ఇంత కావలసినప్పుడు వైస్రాయ్ శిబిరానికి ఎంత కావాలో ఊహించడం కష్టం కాదు. హాకాకు అణాల లెక్కన కూలి ముట్టిన సందర్భాలు ఉన్నా, పిలుపు వస్తే రానని చెప్పే దారి ఊరివాడికి లేదు. గాయపడిన పులి తిరగబడితే ముందు దానికి ఎదురయ్యేది నేల మీద డప్పు పట్టుకున్నవాడే, మంచె మీద ఉన్నవాడు కాదు.

మేడ ఖర్చు జాగీరు శిస్తు నుంచి వచ్చేది, శిబిరపు ఖర్చులో పెద్ద భాగం ఏ ఖాతాలోనూ రాయని చాకిరీ రూపంలో వచ్చేది. రెంటికీ మూలం ఒకే పల్లె. ఈ సంబంధాన్ని తెలుగువారే బహిరంగంగా ప్రశ్నించారు. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం, మాడపాటి హనుమంతరావు వంటివారి చొరవతో వెట్టికి వ్యతిరేకంగా కరపత్రాలు వేసి ఊళ్లకు పంపింది. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ ఆ పనిని ముందుకు తీసుకెళ్లింది. వెట్టిని నిషేధించే ఫర్మానాలు వెలువడినా అవి పల్లెలో పటేలు గడప దాటలేదు. చివరికి 1940లలో రైతాంగ పోరాటం వెట్టిని అడ్డుకుంది, 1948 సెప్టెంబరులో రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది, 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. మేడను పోషించిన శిస్తు, శిబిరాన్ని మోసిన చాకిరీ రెండూ దాదాపు ఒకే పదేళ్లలో ఆగిపోయాయి.

ఆ తరువాతనే మర్యాద సరుకుగా మారింది. ఈ మార్పు హైదరాబాదులో ముందుగా కనిపించింది బషీర్‌బాగ్‌కు ఆనుకుని ఉన్న గుట్ట మీద. న్యాయమూర్తి, కవి సర్ నిజామత్ జంగ్ తాను చదివిన కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల జ్ఞాపకంతో 1915లో కట్టించుకున్న హిల్ ఫోర్ట్ అనే మేడను తరువాత ఏడో నిజాం కొని రెండో కుమారుడు మొఅజ్జం జాకు ఇచ్చాడు. 1955లో అది రిట్జ్ హోటల్ అయింది. రాజస్థాన్‌లో జైపూరు రాంబాగ్ మేడ హోటలైంది 1957లో, ఉదయపూరు జగ్‌నివాస్ 1963లో. ఆ లెక్కన మేడను హోటలుగా మార్చడంలో హైదరాబాదు దేశంలో ముందున్న నగరాల్లో ఒకటి. నాలుగు దశాబ్దాలపాటు నగర జీవితంలో భాగమై ఉన్న రిట్జ్ 1990లలో మూతపడింది, భవనం శిథిలమవుతూ వచ్చింది. ఫలక్‌నుమా మాత్రం దీర్ఘకాలం తాళం వేసి ఉండి, నిజాం కుటుంబానికి చెందిన రాకుమారి ఎస్రా పూనికతో పదేళ్ల మరమ్మతు తరువాత 2010 నవంబరులో 60 గదుల తాజ్ హోటలుగా తెరుచుకుంది.

అడవి వైపు అటువంటి మార్పు జరగలేదు. జైపూరు రాజులు రణథంబోర్ దగ్గర సవాయి మాధోపూర్‌లో వేట కోసం కట్టించుకున్న రాతి విడిది ఇప్పుడు హోటలుగా నడుస్తున్నది. అక్కడికి వెళ్లేవాడు నగరంలో రాంబాగ్, అడవిలో ఆ విడిది అని నిజంగానే ఎంచుకోగలడు. తెలంగాణలో షికారు ప్రధానంగా డేరాల్లో నడిచింది. రాయి మిగులుతుంది, గుడ్డ మిగలదు. అమ్రాబాద్ మీద ఫరహాబాద్‌లో నిజాం వేట బంగళా శిథిలాల వంటి కొద్ది గుర్తులు తప్ప, అమ్మడానికి కట్టడమంటూ ఏదీ అడవిలో నిలవలేదు. 1950ల తొలినాళ్లలోనే పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. నల్లమల 1983లో పులుల సంరక్షణ కేంద్రం అయింది, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ కేంద్రంగా వేరుపడింది. అడవి ప్రభుత్వ ఆధీనంలో ఉండటం వల్ల అక్కడ ఇవాళ యాత్రికుడికి దొరికేది మన్ననూరులో అటవీశాఖ నడిపే సాదా కాటేజీ, ఫరహాబాద్ దాకా సఫారీ జీపు. అడవిని కాపాడే ఉద్దేశంతో చూస్తే ఇది లోటు అనిపించదు. పులి నీరు తాగే మడుగు ఒడ్డున ఈతకొలను ఉన్న విడిది లేకపోవడం వల్ల పోయింది ఏమీ లేదు.

బషీర్‌బాగ్ మేడ హోటలు కాలేదు, ఆఫీసు కాలేదు, బడి కాలేదు, పడిపోయింది. ఆ నేల మీద ఇప్పుడు ఆదాయపు పన్ను కార్యాలయం, పరిశ్రమ భవనం, ప్రెస్ క్లబ్ వంటివి ఉన్న రద్దీ కూడలి ఉంది. తెలుగునాట ఆ పేరు వినగానే చాలామందికి నవాబు తోట గుర్తుకు రాదు, 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపుపై నిరసనకు వచ్చినవారి మీద జరిగిన పోలీసు కాల్పులు గుర్తుకొస్తాయి. దీన్ దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు వేలల్లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దగ్గర భద్రంగా ఉన్నాయి. నిజాం కాలపు మేడలనూ శిబిరాలనూ కలిపి చదవదలచినవారికి ఆ గాజు పలకలే ఆధారం. నెక్కొండ చిత్రంలో పులి పక్కనున్న దంపతుల పేర్లు ప్రతి ముద్రణలోనూ ఉంటాయి. ఆ రోజు హాకాకు ఏయే ఊళ్ల నుంచి మనుషులను పిలిచారన్నది తహసీలు కాగితాల్లో, ఇంకా ఊరి నోట మిగిలిన జ్ఞాపకాల్లో వెతకవలసిన పని.